చెకుముకి తుపాకీ కొన్నాను, మొదటిసారి పేల్చే ముందు ఏం చేయాలి?

పాలకొండ కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది పాలకొండ దగ్గర పల్లె. పెన్సిల్వేనియా వచ్చి ఏడు నెలలైంది. క్రిస్మస్ తరవాత ఇక్కడ చెకుముకి తుపాకీతో (ఫ్లింట్‌లాక్, రాయి నిప్పుతో పేలేది) మాత్రమే జింకల్ని కొట్టే సీజన్ ఒకటి ఉంటుందని, రమ్మని మా ఆఫీసులో ఒకాయన పట్టుబట్టాడు. మూతిలోంచి మందు పోసి దట్టించే రకం కొన్నాను, .50 కాలిబర్. కొత్తది, డబ్బా కూడా సరిగా విప్పలేదు. మొదటిసారి పేల్చే ముందు ఏం చేయాలి, మందు ఎంత పోయాలి? ఇంతే నా ప్రశ్న. హెచ్1బి మీద ఉన్నాను. ఇంట్లో చెప్పలేదు.

ఆమదాలవలస అన్న:
తమ్ముడూ, వెంటనే తిరిగి ఇచ్చెయ్. హెచ్1బి వాళ్ళు తుపాకీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే డిపోర్టే. ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నాను, నాకు తెలుసు.

సాలూరు మాస్టారు:
అన్నగారూ, కుర్రాడికి టెన్షన్ పెట్టకండి. మీరు చెప్పింది తూటా తుపాకీల సంగతి. 1968 గన్ కంట్రోల్ యాక్ట్‌లో తూటా పట్టని, బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు మందు కోసమే చేసిన మూతి తుపాకీని యాంటిక్ కింద లెక్కేశారు, అది నిన్న ఫ్యాక్టరీలోంచి వచ్చినా సరే. గొట్టం మార్చి తూటాలు పేల్చేలా చేయగలిగే రకానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. పైగా ఇది దేశం మొత్తానికి ఉన్న చట్టం, రాష్ట్రాలకు వాటి లెక్కలు వాటికున్నాయి. నది దాటి న్యూజెర్సీలోకి వెళితే ఈ తుపాకీకి కూడా కార్డు అడుగుతారు. ఇంకో మెలిక, కొత్త రకాల్లో మందు అంటించడానికి వాడే 209 ప్రైమర్ అనే చిన్న టోపీ అమ్యునిషన్ (తూటా సామాను) కిందికి వస్తుంది. నీది చెకుముకి రాయి కాబట్టి ఆ గొడవ లేదు బాబూ. అయినా ముందు హంటర్ ట్రాపర్ క్లాసు చేసి వేట లైసెన్స్ తీసుకో. ఆ లైసెన్స్ చేతిలో ఉంటే వీసా వాళ్ళకి అసలు తుపాకీల విషయంలోనే మినహాయింపు ఉంది. ఒకసారి మీ కంపెనీ లాయర్‌ని కూడా అడుగు, సిగ్గుపడకు.

ఇంకోటి, బ్లాక్ పౌడర్‌ని తెలుగులోకి మార్చి నల్లమందు అని ఎవరికీ మెసేజ్ పెట్టకు. మన దగ్గర నల్లమందు అంటే ఏంటో తెలుసుగా.

పలాస బాబాయ్:
తుపాకీ సరే. మందు ఎక్కడ పెడతావు? అది చెప్పు ముందు. అపార్ట్‌మెంటా? అయితే నా కథ విను.

నేను ఒహాయోలో ఉన్న రోజులు. రేంజ్‌కి వెళ్ళి ముప్పై గుండ్లు పేల్చి, చలికి బయట కడగలేక గొట్టాన్ని స్నానాల తొట్టిలో పెట్టి వేడినీళ్ళు పోశాను. కాలిన బ్లాక్ పౌడర్‌లో గంధకం ఉంటుంది కదా, నీళ్ళు తగలగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. నాకు అలవాటే, పట్టించుకోలేదు, పైగా లోపల పాటలు పెట్టుకున్నాను. ఇక్కడ గ్యాస్ లీకైతే తెలియాలని కలిపే వాసనా అచ్చం అలాగే ఉంటుంది. పై వాటాలో ముసలావిడ గ్యాస్ లీక్ అనుకుని ఫోన్ చేసింది. పది నిమిషాల్లో రెండు ఫైరింజన్లు! బిల్డింగ్ మొత్తం ఖాళీ చేయించారు. మంచులో చిన్నపిల్లలు, కుక్కలు, నైటీల మీద కోట్లేసుకున్న ఆడవాళ్ళు. నేను లుంగీ మీద. మాస్కులేసుకున్న ఫైర్ వాళ్ళు లోపలికి వెళ్ళి తొట్టిలో నల్లనీళ్ళు చూశారు, ఆ తరవాత వంటింటి అలమరలో, మా అమ్మ పంపిన ఆవకాయ జాడీ పక్కనే పౌండు బ్లాక్ పౌడర్ డబ్బా చూశారు. వాళ్ళలో ఒకాయన వేటగాడే, నవ్వేసి, చల్లని చోట పెట్టుకో, పొయ్యి దగ్గర కాదు అన్నాడు. మేనేజర్ నవ్వలేదు. లీజు పదకొండో పేజీలో పేలుడు పదార్థాలు ఉంచకూడదు అని ఉందట, ఎవడు చదివాడు. ముప్పై రోజుల నోటీసు. తొట్టి మీద మరకలని డిపాజిట్‌లో సగం కోశారు. ఆ మరకలు నేను దిగకముందు నుంచీ ఉన్నాయి, ఫొటో తీసుకోలేదు, అదీ నా తప్పే. కాబట్టి లీజు చదువు. దిగిన రోజే ఫొటోలు తీసుకో.

రాజాం అక్క:
బాబాయ్ ఆ కథ చెప్పడం ఇది నాలుగోసారి. కుర్రాడు అడిగింది ఇంకా ఎవరూ చెప్పలేదు.

నాన్నా, విను. కొత్త గొట్టం లోపల తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. అది ఉండగా మందు పోస్తే తడిసి అంటుకోదు. స్పిరిట్‌లో ముంచిన గుడ్డముక్కలతో తెల్లగా వచ్చేదాకా తుడువు, నిప్పు లోపలికి వెళ్ళే పక్క చిల్లులో సన్నని తీగ పెట్టి చూడు. తరవాత ఖాళీ గొట్టంలోకి గజం (మందు దట్టించే పొడుగాటి కడ్డీ) దింపి, మూతి దగ్గర గజం మీద ఒక గీత గియ్యి. మందూ గుండూ దట్టించాక ఇంకో గీత. ఈ రెండు గీతలే నిన్ను కాపాడతాయి. దట్టించేటప్పుడు ఆ రెండో గీత దాకా గజం దిగకపోతే గుండు మధ్యలో ఆగిందని అర్థం, మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండగా పేల్చావా గొట్టం చీలుతుంది.

మందు 60 గ్రెయిన్లతో మొదలెట్టు, ఎఫ్ఎఫ్‌జి రకం (అది మందు రవ్వ సైజు). గ్రెయిన్ అంటే గ్రాము కాదు! సుమారు 15 గ్రెయిన్లు కలిస్తే ఒక గ్రాము, అంటే 60 అంటే దాదాపు నాలుగు గ్రాములు. ఇంట్లో తూకం వేయకు, గీతలున్న కొలపాత్ర అమ్ముతారు, దానితోనే కొలువు. తుపాకీతో ఇచ్చిన పుస్తకంలో ఎంతవరకు పోయొచ్చో ఉంటుంది, అది దాటకు. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ వంచకు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా చేతిలో పేలుతుంది. తూటా తుపాకీల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ చెంచాడైనా పోయకు. చిల్లు పక్కనున్న చిన్న పళ్ళెంలో, రాయి నిప్పు పడే చోట, మందు ఆఖరున, కాల్చే లైన్ మీద నిలబడ్డాకే వెయ్యాలి. గజాన్ని గుప్పెడు గుప్పెడుగా, పొట్టిగా పట్టుకుని దింపు, చెక్కది విరిగితే అరచేతిలో దిగుతుంది. పేలకపోతే మూతి గురి వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగు. ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. కళ్ళద్దాలు, చెవులకు మఫ్‌లు. నీ కుడి పక్కన ఎవరినీ నిలబెట్టకు, ఆ చిల్లులోంచి నిప్పు ఆ వైపే ఎగురుతుంది. గురి మొదట 25 గజాల నుంచి చూడు, తరవాత 50.

ఆమదాలవలస అన్న:
అసలు బ్లాక్ పౌడర్ ఎందుకు, దాని బదులు వాడే పైరోడెక్స్ కొనుక్కోమనండి. ఏ షాపులోనైనా దొరుకుతుంది.

సాలూరు మాస్టారు:
చెకుముకికి అది పనికిరాదండీ. పైరోడెక్స్ అంటుకోవాలంటే ఎక్కువ వేడి కావాలి, రాయి నిప్పు చాలదు. అసలు బ్లాక్ పౌడరే కావాలి.

బొబ్బిలి పెద్దాయన:
ఎవరూ చెప్పని మాట నేను చెబుతాను. గొట్టాన్ని దోసెల పెనంలా పండనివ్వాలి. సబ్బు పెట్టి కడగకు, నూనె పట్టించి వదిలెయ్.

రాజాం అక్క:
పెదనాన్నా, మీరంటే గౌరవమే కానీ అది పోత ఇనుము కాదు, ఉక్కు. పండదు. కాలిన మసి గాలిలో తేమ లాక్కుంటుంది, వానాకాలంలో ఉప్పు జాడీ ఎలా చెమ్మగిల్లుతుందో అలా. రాత్రి వదిలేస్తే తెల్లారికి ఎర్రగా తుప్పు. వేడినీళ్ళు, సబ్బు, ఆరబెట్టి అప్పుడు నూనె. అన్నం తినే ముందే.

బొబ్బిలి పెద్దాయన:
మా తాతగారి కాలంలో ఏజెన్సీ నాటు తుపాకీలకి సబ్బులెక్కడివమ్మా? కొబ్బరి పీచు కూరి పేల్చేవాళ్ళు.

సాలూరు మాస్టారు:
అలా పేల్చి వేళ్ళు పోగొట్టుకున్న ఒకాయన్ని మా ఊళ్ళో చిన్నప్పుడు చూశాను.

బొబ్బిలి పెద్దాయన:
తుపాకీ గురించి బొబ్బిలి వాడికి పాఠాలా? 1757 జనవరి 24న మా కోట మీదికి ఫిరంగులతో వచ్చింది ఎవరు? మీ విజయనగరం రాజుకి సొంత బలం చాలకే కదా ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటేసుకొచ్చాడు.

సాలూరు మాస్టారు:
మొదలైంది. మాది సాలూరండీ, నన్ను విజయనగరంలో కలపకండి. అయినా 1794లో పద్మనాభం దగ్గర కుంపినీకి ఎదురునిలిచి ప్రాణమిచ్చింది విజయనగరం రాజే. అదీ చెప్పండి.

పలాస బాబాయ్:
ఇద్దరూ ఆగండి. కుర్రాడా, విమానంలో బ్లాక్ పౌడర్ పెట్టకు, చెక్-ఇన్ సామానులో కూడా. పండక్కి ఇంటికెళ్ళేటప్పుడు తుపాకీ చూపిద్దామని అసలే అనుకోకు, అక్కడ ఆర్మ్స్ యాక్ట్ వేరు. లీజు చదివావా?

పాలకొండ కుర్రాడు:
అందరికీ థాంక్స్. క్లాసు అయింది, లైసెన్స్ వచ్చింది. లీజు చదివాను బాబాయ్, నాదాంట్లో పద్నాలుగో పేజీలో ఉంది. అందుకే మందు డబ్బా ఆఫీసాయన గరాజ్‌లో పెట్టాం.

శనివారం రేంజ్‌కి వెళ్ళాం. మొదటి ఐదూ బాగానే పేలాయి, 25 గజాల్లో అన్నీ చెయ్యి పట్టేంత చోట పడ్డాయి. ఆరోసారి ఆయనతో కబుర్లలో పడి మందు పోయడం మర్చిపోయి గుండు దింపేశాను. గజం రెండో గీత దాటి మొదటి గీత దగ్గరికి వెళ్ళిపోయింది కాబట్టి తెలిసింది, లేకపోతే పళ్ళెంలో నిప్పు వెలిగిస్తూనే ఉండేవాణ్ణి. ఆయన మర లాంటిది గజానికి బిగించి గుండు లాగాడు. అరగంట పట్టింది. అక్కా, మీ గీతలకి దండం. అమ్మకి ఇంకా చెప్పలేదు.

బొబ్బిలి పెద్దాయన:
శనివారం పేల్చావు, ఇవాళ సోమవారం. గొట్టం కడిగావా?