బడి మొత్తానికి కలిపి ‘గౌరవంగా మెలగడం’ ఎలా నేర్పాలి? చేసిన వాళ్లెవరైనా చెప్పండి

అందరికీ నమస్కారం. కావలి దగ్గర ఒక పల్లెలో హైస్కూల్ టీచర్ని. పోయిన నెల తొమ్మిదో తరగతి పిల్లాడొకడు ఒక అమ్మాయి సైకిల్ వెనకాలే రోజూ ఇంటిదాకా వెళ్లాడు. ఆ పిల్ల వద్దని చెప్పింది. పిలిచి అడిగితే, "ఊరికే సరదాకి మేడం, ఆ అమ్మాయే నవ్వింది కదా" అన్నాడు. వాడికది తప్పని నిజంగానే తెలియదు! విషయం పెద్దవాళ్లదాకా వెళ్తే, ఆ అమ్మాయి చదువు ఇంట్లోవాళ్లు మాన్పిస్తారేమోనని నాకు టెన్షన్.

2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ స్కూల్ హెల్త్ కార్యక్రమంలో పదకొండు అంశాలున్నాయి. వాటిలో మనుషుల మధ్య సంబంధాలు, స్త్రీ పురుష సమానత్వం కూడా ఉన్నాయి. కానీ ఒక పీరియడ్‌లో పాఠంలా చదివేస్తే పిల్లలు ముసిముసిగా నవ్వుకుని వదిలేస్తారు. పైగా మా స్టాఫ్‌రూమ్‌లోనే "ఆడపిల్లలా ఏడుస్తావేందిరా" అనే మాట రోజూ వినబడుతుంది. ముందు మేం మారాలేమో.

ఆరో తరగతి వాళ్లకి ఏం చెప్పాలి, పదో తరగతి వాళ్లకి ఏం చెప్పాలి? అబ్బాయిలని, అమ్మాయిలని విడివిడిగా కూర్చోబెట్టాలా, కలిపే మాట్లాడాలా? పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన చట్టం), 1098 నంబరు (పిల్లల హెల్ప్‌లైన్) గురించి చెప్పాను, కానీ భయపెట్టి నేర్పినట్టు అవుతోంది. లెక్కల సారు, పీఈటీ సారు కూడా కలిసొచ్చేలా మీ బళ్లో ఎలా చేశారు? తల్లిదండ్రుల మీటింగ్‌లో ఈ మాట ఎలా ఎత్తారు?