ఇంటి పన్ను నోటీసులో గేదెల కొట్టం శ్లాబు గది అయింది. గ్రామసభలో ఏమని అడగాలి?

వీధి చివరి ఇల్లు:

అందరికీ నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో ఒక చిన్న పంచాయతీ. మావారు పోయి నాలుగేళ్లయింది. ఎకరంన్నర పొలం, రెండు గేదెలు, ఇద్దరు ఆడపిల్లలు, అన్నీ నేనే చూసుకుంటున్నాను. కుట్టుమిషను మీద వచ్చే డబ్బులోంచి పక్కన పెట్టి ఏటా మార్చి దాటకుండా ఇంటి పన్ను కడతాను. ఒక్క ఏడాది కూడా బకాయి లేదు. రసీదులన్నీ మా అత్తగారి ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

పోయిన ఏడాది ఇంటి పన్ను 650 రూపాయలు, గ్రంథాలయ పన్ను 52. ఈసారి నోటీసులో ఇంటి పన్ను 1,250, గ్రంథాలయ పన్ను 100 అని వచ్చింది. నీటి పన్ను మారలేదు. నేను కొత్తగా కట్టింది ఏమీ లేదు. గేదెల కొట్టం మీద తాటాకు కుళ్లిపోయి కారుతుంటే వేసవిలో రేకులు వేయించాను. ఆరు వేప గుంజలు, పైన రేకులు, అంతే. గోడ ఒక్క వైపు కూడా లేదు. పంచాయతీలో అడిగితే, దాన్ని శ్లాబు గదిగా రాశారని తెలిసింది.

పన్ను ఎగ్గొట్టాలని నాకు లేదు. కానీ మా వీధిలో మూడు దీపాలుంటే రెండు దసరా నుంచి వెలగడం లేదు. రాత్రి గేదెకు మేత వేయాలంటే ఫోను వెలుతురులో వెళ్తున్నాను. పెద్దమ్మాయి పోటీ పరీక్షలకు చదువుతోంది. ఏటా గ్రంథాలయ పన్ను కడుతున్నాం, మా ఊళ్లో గ్రంథాలయమే లేదు. ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుంది?

మా ఊళ్లో గ్రామసభ అంటే, పుస్తకం ఇంటింటికీ తెచ్చి సంతకాలు పెట్టించుకోవడమే. నేనూ రెండుసార్లు పెట్టాను. ఈసారి వెళ్లి అడగాలని ఉంది. నలుగురిలో లేచి మాట్లాడిన అలవాటు లేదు. ఏ కాగితం చూపించమనాలి? ఎలా అడిగితే జవాబు చెప్పక తప్పదు?

పాత కార్యదర్శి:

అమ్మా, పంచాయతీ కార్యదర్శిగా చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. ముందు కొట్టం సంగతి తేల్చుకోండి, దానికి సభ దాకా ఆగనక్కరలేదు. కట్టడం ఎంత విస్తీర్ణం, పైకప్పు శ్లాబా, పెంకా, రేకులా అన్నది చూసి విలువ కడతారు. మీ ఇంటికిచ్చిన అసెస్‌మెంట్ నంబరు ఎదుట డిమాండ్ రిజిస్టరులో, అంటే ఏ ఇంటికి ఎంత పన్నో రాసే పుస్తకంలో, ఏం రాసి ఉందో చూపించమనండి. పొడవు, వెడల్పు, పైకప్పు రకం మీ చేత్తో రాసుకోండి. నోటీసులో ఉన్న గడువు దాటకముందే అభ్యంతరం కాగితం మీద ఇవ్వండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిమీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. మా కాలంలో నోటితో చెప్పి వెళ్లినవాళ్ల మాట మళ్లీ గుర్తుండేది కాదు, కాగితం ఇచ్చినవాళ్లది ఫైలులో ఉండేది.

గ్రంథాలయ పన్ను ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. 650కి 52, 1,250కి 100 వచ్చింది అందుకే. కొట్టం లెక్క సరిచేస్తే ఇదీ తగ్గుతుంది. ఇది పంచాయతీ ఖర్చు పెట్టుకునే డబ్బు కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. గ్రంథాలయాల చట్టం వచ్చిన 1960 నుంచీ ఉన్న పద్ధతి ఇది. కాబట్టి సభలో అడగాల్సింది ఇలా: గత మూడేళ్లలో ఏటా ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, చలానా ఉందా?

ఇక బడ్జెట్టు. పంచాయతీకి వచ్చే డబ్బంతా ఒకే సంచిలో ఉండదు. ఇంటి పన్ను, నీటి పన్ను, లైసెన్సు రుసుములు, సంత వేలం, చెరువు చేపల వేలం, స్టాంపు డ్యూటీ మీద సర్‌చార్జి వాటా, ఇవన్నీ సాధారణ నిధిలోకి వస్తాయి. ఆర్థిక సంఘం సిఫారసు మీద కేంద్రం ఇచ్చే డబ్బు వేరు. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు ఇచ్చిన దానిలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్నిబట్టి వాడుకోవచ్చు గాని జీతాలకు వాడకూడదు. అందుకే కూలీ డబ్బులకు, అత్యవసరంగా మోటారు బాగుచేయించడానికి అందరి చూపూ సాధారణ నిధి మీదే ఉంటుంది. మీ వీధిదీపాల గురించి అడిగితే "నిధుల్లేవు" అంటారు. ఏ నిధిలో లేవో చెప్పమనండి. ఆ ఒక్క మాటతో సంభాషణ మారిపోతుంది.

గత ఏడాది జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, ఈ ఏడాది చేయబోయే పనులు, కొత్త పన్ను వేయాలన్నా ఉన్నది పెంచాలన్నా ఆ ప్రతిపాదన, ఇవన్నీ గ్రామసభ ముందు పెట్టాలని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. మీరు అడిగేది మీకు హక్కుగా వచ్చినదే. సభలో చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇవ్వండి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. నకళ్లు కావాలంటే పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

పదో వార్డు:

నేను ఒక దఫా వార్డు సభ్యురాలిగా చేశాను. మొదటి సమావేశంలో తీర్మానాల పుస్తకం నా ముందుకు తోసి, సంతకం పెట్టే చోట వేలు పెట్టి చూపించారు. పైన ఏమీ రాసి లేదు, ఖాళీ పేజీ. రాశాక పెడతానన్నాను. గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. నా చేతులు వణికిన మాట నిజం. ఆ తర్వాత నా దగ్గరికి ఖాళీ పేజీ ఎప్పుడూ రాలేదు.

ఒకసారి క్యాష్‌బుక్ తెప్పించుకుని నీళ్ల మోటారు మరమ్మతు అని ఉన్న చోటల్లా పెన్సిలుతో గీత పెట్టాను. ఏడాదిలో నాలుగుసార్లు వైండింగ్ చేయించారు. నాలుగు బిల్లులూ కలిపితే కొత్త మోటారు వచ్చేది. డబ్బు ఎవరూ తినలేదు, పగిలినప్పుడల్లా అతుకు వేసుకుంటూ పోయారు. ఆ లెక్క చదివి వినిపించాక మరుసటి ఏడాది పనుల జాబితాలో కొత్త మోటారు పెట్టారు. అందుకని మొత్తం బడ్జెట్టు అర్థం చేసుకోవాలని భయపడకండి. మీకు తెలిసిన ఒక్క పద్దు పట్టుకోండి. మీకు వీధిదీపాలున్నాయి: ఎన్ని బల్బులు కొన్నారు, ఏ తేదీన, ఏ స్తంభానికి వేశారు?

ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్లి చదవండి. చదివాక, "నా ప్రశ్న, మీ జవాబు పుస్తకంలో రాయండి" అనండి. ఒంటరిగా మాత్రం వెళ్లవద్దు అక్కా.

చెరువుగట్టు:

నాది కొంచెం వేరే మాట. మీ కొట్టం లెక్క తప్పు, సరిచేయాల్సిందే. కానీ మా ఊళ్లో ఇప్పటికీ రెండంతస్తుల మేడలు రిజిస్టరులో పెంకుటిళ్లుగానే ఉన్నాయి. వాళ్లు కట్టేది మీరు కట్టినదానికంటే తక్కువ. ఇళ్లన్నీ మళ్లీ కొలవమని సభలో అడగండి. అలా అడిగినందుకు మా ఊళ్లో నాతో కొందరు మాట్లాడటం మానేశారు, అయినా అడగడమే సరైన పని అనుకుంటాను.

ఇంకొకటి, ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఏటా ఏ పనులు ప్రణాళికలో పెట్టారో, ఎంత చెల్లించారో కనిపిస్తుంది. మీ అమ్మాయిని చూడమనండి. సభకు ముందే ప్రింటు తీసుకుంటే మంచిది.

వీధి చివరి ఇల్లు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. సోమవారం వెళ్లి రిజిస్టరు చూశాను. మా కొట్టం 18 అడుగులు, 12 అడుగులు, శ్లాబు అని ఉంది. కాగితం ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. గురువారం టేపు పట్టుకుని వచ్చారు. రెండో కొస నేనే పట్టుకున్నాను. 16 అడుగులు, 10 అడుగులు. పైకి చూసి రేకులు అని రాసుకున్నారు. సవరించిన నోటీసు ఇస్తామన్నారు, ఇంకా రాలేదు.

పెద్దమ్మాయి వెబ్‌సైటు చూసింది. పనుల జాబితాలో మా వీధి కాలువ పేరు ఉంది. ఆ కాలువ మీకు ఫొటో పెట్టాలంటే అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు. ఏ దశలో ఉందో, డబ్బు చెల్లించారో లేదో అని ఇంకో ప్రశ్న రాసుకున్నాను. గ్రంథాలయ పన్ను చలానాలు అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు కూడా ఇచ్చాను.

నిన్న పొదుపు సంఘం సమావేశంలో ఇదంతా చెప్పాను. ముందు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకామె, తన ఇంటి నోటీసు కూడా చూడమని తెచ్చింది. ఆ వెనకే ఇంకో ఇద్దరు. పుస్తకం ఇంటికి తెస్తే సంతకం పెట్టకూడదని, సభలో కూర్చున్నాకే పెట్టాలని మా సంఘంలో పదకొండుమందిమీ అనుకున్నాం.