దొనిజెట్టి ‘లుచియా’ను గంటన్నరకు కుదించి విజయనగరంలో ఆడాలంటే?

కోట_వీధి:
అందరికీ నమస్కారం. ఇటాలియన్ స్వరకర్త దొనిజెట్టి ఒపెరా (మొత్తం పాటలతో నడిచే నాటకం) ‘లుచియా ది లామెర్మూర్’ను ఆనందగజపతి ఆడిటోరియంలో ఆడాలని మా నాటక సమాజం ఆలోచన. పగబట్టిన రెండు స్కాట్లండు కుటుంబాలు, వాటి మధ్య లుచియా, ఎడ్గార్దోల ప్రేమ, లుచియాకి ఆమె అన్న ఎన్రికో చేసే బలవంతపు పెళ్ళి, తొలిరాత్రి ఆమె చేతిలో పెళ్ళికొడుకు హత్య, ఆమె పిచ్చి, చివరికి ప్రేమికులిద్దరి చావు. ఈ కథ మనవాళ్ళకి పడుతుందనే నమ్మకం. పాటలు ఇటాలియన్‌లోనే ఉంటాయి, మధ్యలో తెలుగు వ్యాఖ్యానం, తెరమీద అర్థం. వాద్యాలు కీబోర్డు, వయొలిన్, ఫ్లూటు మాత్రమే. పూర్తిగా ఆడితే రెండుంబావు గంటలు. ఎక్కడ కోయాలి? పిచ్చి దృశ్యంలో నెత్తురు, దీపాలు ఎలా చూసుకోవాలి?

తెరవెనుక:
ముందు కోతలు తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే. పెద్ద థియేటర్లలోనే చాలాకాలం రెండు చోట్ల కత్తెర వేశారు. ఒకటి, రెండో అంకంలో పాదిరి రైమొందో లుచియాకి నచ్చజెప్పే ఘట్టం. రెండోది, మూడో అంకం మొదట్లో తుపానులో ఎన్రికో వచ్చి ఎడ్గార్దోని సవాలు చేసే ఘట్టం. రెండూ తియ్యొచ్చు. కానీ తెల్లవారేసరికి ఎడ్గార్దో వంశం రావెన్స్‌వుడ్‌ల సమాధుల దగ్గర కత్తులు దూసుకుందామని వాళ్ళు ఆ సవాలులోనే అనుకుంటారు. అది పోతే ఆఖర్న ఎడ్గార్దో సమాధుల మధ్య ఎందుకున్నాడో ప్రేక్షకుడికి అంతుపట్టదు. వ్యాఖ్యాత చేత ఒక్క వాక్యం చెప్పించండి, సరిపోతుంది.

ఊటబావి దగ్గరి ప్రేమ ఘట్టం మాత్రం కోయొద్దు. అక్కడ ఇద్దరూ పాడే వీడ్కోలు బాణీయే పిచ్చి దృశ్యంలో వాద్యాల మీద తిరిగొస్తుంది. మొదట విననివాడికి అక్కడ గుండె కదలదు. ఎడ్గార్దో మోసం చేశాడని లుచియాని నమ్మించే దొంగ ఉత్తరం, ప్రేమికుల ఉంగరాల మార్పిడి కూడా అంతే, కోయొద్దు. మామూలు ఉంగరం నాలుగో వరస దాటితే కనబడదు, పెద్ద రాయిది చేయించి వెలుగులోకి చెయ్యెత్తి తొడిగించండి. దారానికి కట్టి మెడలో వెయ్యొద్దు. మన ప్రేక్షకులు తాళి అనుకుంటారు, ఎడ్గార్దో ఉంగరం వెనక్కి అడిగినప్పుడు అర్థం ఎటో పోతుంది.

రెండో అంకంలో రెండు కాగితాలున్నాయి, దొంగ ఉత్తరం, పెళ్ళి ఒప్పందం. మొదటిది చిన్న మడత, లక్క ముద్రతో. రెండోది పెద్ద చుట్ట. ఒకేలా ఉంటే ప్రాపులు అందించేవాళ్ళు చీకట్లో తారుమారు చేస్తారు. ఒప్పందం అంచులకి కింద సన్న ఇనప బద్ద అతికించండి, లేదంటే పక్క ఫ్యాను గాలికి సంతకం వేళకి ఎగిరిపోతుంది.

నాలుగు_శ్రుతి:
సంగీతం గురించి. దొనిజెట్టి పిచ్చి దృశ్యాన్ని ఎఫ్ మేజర్‌లో రాశాడు, మన లెక్కలో నాలుగు శ్రుతి. వేదికల మీద ఎక్కువగా వినబడేది ఒక స్వరం కిందకి దించిన ఈ-ఫ్లాట్ (E♭), అంటే రెండున్నర. మీ గాయనికి ఏది హాయిగా ఉంటే అది. చివర అరిచినంత ఎత్తున నిలిపే స్వరం ఆయన రాసింది కాదు, గాయనులు పెట్టుకున్న ఆనవాయితీ. గొంతు అందకపోతే వదిలేయండి, ఏ లోటూ ఉండదు. ఫ్లూటుతో పోటీపడే ఆ పొడుగాటి స్వరాల ఘట్టమూ తర్వాతి కాలంలో చేర్చిందే. దాన్ని కుదిస్తే చాలా సమయం కలిసొస్తుంది.

వేణువు వద్దు, మీటలున్న ఫ్లూటే కావాలి. ఈ సంగీతంలో శ్రుతి ఊరికే మారుతూ ఉంటుంది, వేణువుతో కష్టం. ఇంకో మాట: దొనిజెట్టి ముందు ఈ దృశ్యానికి గ్లాస్ హార్మోనికా (తడి వేళ్ళతో గాజు అంచుల్ని రుద్ది వాయించే వాద్యం) రాసి, 1835 సెప్టెంబరు 26న నేపుల్స్‌లో తొలి ప్రదర్శనకి ముందే కొట్టేసి ఫ్లూటుకిచ్చాడు. ఆ వింత ధ్వని కావాలంటే జలతరంగం పనికిరాదు. కొట్టగానే మోగి ఆగిపోతుంది, ఇక్కడ స్వరం సాగాలి. కాడ ఉన్న గాజు గ్లాసులు తెచ్చి, అంచుని సబ్బుతో జిడ్డు లేకుండా కడిగి, తడి వేలితో రుద్దండి. నీళ్ళు పోస్తే స్వరం దిగుతుంది, తీస్తే పెరుగుతుంది. లైట్ల వేడికి నీళ్ళు ఆవిరై స్వరం పైకి జారుతుంది, కాబట్టి విరామంలో కీబోర్డుతో మళ్ళీ సరిచూడాలి. ఐదారు స్వరాలు చాలు, మిగతాది ఫ్లూటుకే వదలండి.

కోరస్‌కి చర్చి క్వయర్ల వాళ్ళని అడగండి. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదివి, నాలుగు గొంతుల్లో పాడే అలవాటు వాళ్ళకుంటుంది.

చంపావతి_గట్టు:
నెత్తురు గురించి. హత్య తెరవెనుకే జరుగుతుంది, లుచియా వచ్చేసరికే బట్ట తడిసి ఉంటుంది. అందుకని వేదిక మీద ద్రవం అక్కర్లేదు, పడితే నేల జారుతుంది. ఒకే కొలతతో రెండు గౌన్లు కుట్టించి, రెండోదాని మీద ఫాబ్రిక్ పెయింటు వెయ్యండి: ఎరుపు మూడు పాళ్ళు, గోధుమరంగు ఒక పాలు. కుడి చేతిని, పొట్ట భాగాన్ని చిక్కగా, అంచులకి పలచగా. మొత్తం పూస్తే హోలీలా ఉంటుంది. వేళ్ళకి మాత్రం గ్లూకోజు సిరప్ రెండు చెంచాలు, తినే ఎర్ర రంగు కొద్దిగా, చిటికెడు కోకో పొడి. ముదురుగా, నిజం నెత్తురులా ఉంటుంది.

చాలామంది చేసే తప్పు, పిచ్చి దృశ్యాన్ని నీలంలో ముంచెయ్యడం. నీలి వెలుతురులో ఎరుపు నల్లగా మారుతుంది, మసి పూసినట్టు కనబడుతుంది. నీలం వెనక నుంచి మాత్రమే ఉంచి, ఒక పక్కనుంచి వెచ్చని తెల్ల కాంతి గౌను మీద పడనివ్వండి. తెల్ల గౌను మొహాన్ని మింగేస్తుంది, అందుకే టీ డికాక్షన్‌లో ముంచి కాస్త మురికి తెలుపు చేయించండి. ఎల్ఈడీ పార్ లైట్లని తగ్గిస్తూ పోతే బాగా అడుగు స్థాయిలో వెలుతురు ఒక్కసారి గెంతుతుంది. నెమ్మదిగా ఆరాల్సిన చోట పది శాతం దగ్గరే ఆపి, అక్కడ్నుంచి పూర్తిగా ఆర్పండి.

కోట_వీధి:
అందరికీ ధన్యవాదాలు. ఆరుగురు కలిసి పాడే పాటకి తెరమీద ఎవరి మాట వెయ్యాలి? మైకులు?

తెరవెనుక:
అందరి మాటలూ వెయ్యొద్దు, చదవలేరు. ముందు ఎడ్గార్దో, ఎన్రికో మొదలెడతారు, వాళ్ళ ఒక్కో వాక్యం. తర్వాత లుచియాది. మిగతా ముగ్గురు కలిశాక తెర ఖాళీగా ఉంచండి. ఇది కథ ఆగి నిలబడే చోటు, కదలికలు కూడా పెట్టొద్దు. ఆరుగురికీ కాలర్ మైకులిస్తే దగ్గరగా నిలబడ్డప్పుడు శబ్దం బోలుగా వస్తుంది, ఒకరికొకరు నాలుగైదు అడుగుల దూరంలో ఉంచండి. మైకు గెయిన్ మామూలు మాటకి కాకుండా లుచియా అతి పెద్ద స్వరానికి పెట్టండి, లేదంటే చీలుతుంది.

పద్యనాటకాల హాల్లో వన్స్ మోర్ వినబడకుండా ఉండదు. ఈ ఆరుగురి పాటకి వెంటనే కత్తులు దూసే గొడవ అంటుకుని ఉంది. చప్పట్లకి కొద్దిగా ఆగాలా, నేరుగా వెళ్ళాలా అన్నది కీబోర్డు వాయించేవారితో ముందే ఖరారు చేసుకోండి. మళ్ళీ పాడటం మాత్రం వద్దు, గొంతులు పిచ్చి దృశ్యానికి మిగలాలి.

చంపావతి_గట్టు:
కీబోర్డు, మిక్సర్, ప్రొజెక్టరు యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కొద్ది సెకన్లలో కీబోర్డు ఆగితే తిరిగి పియానో ధ్వనితోనే మొదలవుతుంది, మీరు పెట్టుకున్న హార్ప్ ధ్వని పోతుంది. ఎడ్గార్దో బాకు చెక్కది చేయించండి, మొన గుండ్రంగా. లోపలికి పోయే స్ప్రింగు బాకుల్ని నమ్మొద్దు, బిగుసుకుంటే గాయమవుతుంది. ప్రేక్షకులకి కనబడని చేత్తో పొడుచుకుని, వెంటనే ఒళ్ళు పక్కకి తిప్పాలి.