బార్డే-బీడిల్ సిండ్రోమ్: చూపును చార్టు దగ్గర కొలిస్తే చాలా, పని చేయించి కూడా చూడాలా?

బుజ్జి_అమ్మ:
మా బాబుకి పదకొండేళ్ళు, బార్డే-బీడిల్ (కంటితో పాటు ఒంట్లో చాలా భాగాలను దెబ్బతీసే, జీన్ లోపం వల్ల వచ్చే జబ్బు) అని జీన్ టెస్టులో తేలింది. లైట్లు బాగా వెలిగే గదిలో కూర్చోబెడితే చార్టులో కింది వరుసల దాకా చదివేస్తాడు. అదే పొద్దుగూకాక మెట్ల దగ్గర ఆగిపోయి, కాలి బొటనవేలితో అంచు తడుముకుని గానీ దిగడు. రిపోర్టులో మాత్రం 'చూపు దాదాపు మామూలే' అని రాశారు, ఆ ఒక్క ముక్క పట్టుకుని స్కూల్లో వీడికి అదనపు సాయం అక్కర్లేదంటున్నారు. చార్టు ఒక్కటే సరిపోతుందా అండీ?

రెటీనా_పిచ్చోడు:
సరిపోదు. ఈ సిండ్రోమ్‌లో చాలామందికి ముందు దెబ్బతినేది మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు, పక్క చూపు కూడా వాటితోనే తగ్గుతూ వస్తుంది. చార్టు చదివేది రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే తెర) మధ్యభాగం, అది ఇంకా బాగానే ఉండొచ్చు. రేచీకటి సాధారణంగా 7, 8 ఏళ్ళకే మొదలవుతుంది, టీనేజీ మధ్యకు వచ్చేసరికి చాలామంది చట్టం లెక్కలో అంధత్వం దాకా వెళ్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కూడా, అక్షరాలు ఎంత బాగా చదివినా సరే, మెరుగైన కంట్లో చూపు కేంద్రం నుంచి చుట్టూ 10 డిగ్రీలకు మించి కనిపించకపోతే అది అంధత్వమే. పక్క చూపు ఎంత ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేయించారా?

బుజ్జి_అమ్మ:
చేయించాం. చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి కదా, రెండు నిమిషాలకే విసుగొచ్చి ఊరికే టకటకా నొక్కేశాడు. 'నమ్మదగిన ఫలితం కాదు' అని రాసి పంపించేశారు.

లెక్క_తేలాలి:
అందుకే నేను ఈఆర్‌జీ అంటాను. రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందనను నేరుగా కొలుస్తుంది, పిల్లాడి మూడ్‌తో పని లేదు. పని చేయించి చూడటం అంటే నాకు అసలు నమ్మకం లేదు. వీళ్ళకి అధిక బరువు ఉంటుంది, కొందరికి నడకలో తూకం తప్పుతుంది, చెప్పింది అర్థం చేసుకోవడానికి టైం పడుతుంది. వాడు కుర్చీకి గుద్దుకుంటే అది కంటి వల్లో, కాలి వల్లో, ధ్యాస వల్లో మీరెలా తేలుస్తారు?

రెటీనా_పిచ్చోడు:
ఈఆర్‌జీ జబ్బు ఉందని చెబుతుంది, కాదనను. కానీ వీళ్ళలో అందులో వచ్చే గీత చిన్నప్పుడే దాదాపు చదునైపోవచ్చు, ఆ తర్వాత చూపు ఎంత తగ్గుతున్నా గీతలో ఏమీ తెలియదు. పైగా ఈ బాబు సాయంత్రం మెట్లు దిగగలడో లేదో ఏ గీతా చెప్పదు.
కంటి వల్లో కాలి వల్లో ఎలా తేలుస్తారన్న మీ ప్రశ్నకు జవాబు: ఒకే పనిని మంచి వెలుతురులో ఒకసారి, మసకలో ఒకసారి చేయించండి. బరువూ తూకమూ రెండుసార్లూ అవే కదా. రెండింటి మధ్య వచ్చే తేడా చాలావరకు కంటిదే. ఆర్‌పీఈ65 అనే జీన్ లోపం వల్ల చూపు పోయేవాళ్ళకిచ్చే జీన్ థెరపీకి 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది కూడా ఇలాంటి పరీక్ష మీదే: బాణం గుర్తులు, అడ్డంకులు ఉన్న దారిలో 1 లక్స్ (వెలుతురు కొలత) నుంచి 400 లక్స్ దాకా రకరకాల వెలుతురులో నడిపించి చూశారు. దారి గుర్తుపట్టేయకుండా అమరిక కూడా మార్చేవాళ్ళు.

లెక్క_తేలాలి:
అది ఒక జీన్ వల్ల వచ్చే కంటి జబ్బు కోసం తయారైన పరీక్ష, ఒళ్ళంతా పాకే సిండ్రోమ్ కోసం కాదు. రెండోసారికి పిల్లాడు అలిసిపోయి ఉంటాడు, దాన్నీ కంటి ఖాతాలోనే వేస్తారా?

రెటీనా_పిచ్చోడు:
మసకది ముందు పెట్టి, వెలుతురుది తర్వాత పెట్టండి. అలిసిపోయి కూడా రెండోదే బాగా చేశాడంటే ఇంకేం కావాలి? కాకపోతే మసకకు కళ్ళు అలవాటు పడేదాకా కాసేపు ఆగాలి.

వినికిడితో_చదువరి:
నాకు ఈ సిండ్రోమ్ ఉంది, ఇదంతా ఫోన్ చదివి వినిపిస్తే విన్నాను. పరీక్ష మాత్రం ఇంట్లో పెట్టకండి బాబూ. మా ఇంట్లో నేను పరిగెత్తగలను, అదంతా జ్ఞాపకమే. ఎవరైనా స్టూల్ ఒక జానెడు జరిపారంటే ఆ సంగతి ముందు నా మోకాలికే తెలుస్తుంది. ఇంకోటి, రోజువారీ పనులు ఎలా చేసుకుంటాడో అడిగే ప్రశ్నావళి నింపేటప్పుడు పిల్లాణ్ణి విడిగా అడగండి. మా అమ్మ 'అన్నీ తనే చేసుకుంటాడు' అని రాసేది. గ్లాసులో నీళ్ళు పోసుకునేటప్పుడు నేను అంచు మీద వేలు పెట్టుకుంటానని ఆవిడకి చాలా ఏళ్ళు తెలీదు.

లెక్క_తేలాలి:
వేలి సంగతి బాగా చెప్పారు, అలాంటివి ఏ మెషీనూ పట్టుకోదు, ఒప్పుకుంటా. అయినా స్కూలువాళ్ళకి కావాల్సింది నంబరు. 'మసకలో తడబడతాడు' అని రాస్తే పక్కన పడేస్తారు.

రెటీనా_పిచ్చోడు:
నంబరే ఇద్దాం. బుజ్జి_అమ్మ గారూ, రిపోర్టు మళ్ళీ రాయించేటప్పుడు ఎన్ని లక్స్‌లో చూశారో, ఒక్కోదాంట్లో ఎంత సేపు పట్టిందో, ఎన్నిసార్లు గుద్దుకున్నాడో పక్కపక్కనే వేయమనండి. ఫీల్డ్ టెస్ట్ కూడా పొద్దున్నే, బాబు హుషారుగా ఉన్నప్పుడు, మధ్యలో ఆపి ఆపి చేయమని అడగండి.

బుజ్జి_అమ్మ:
అడుగుతానండీ. క్లాసులో లైట్లాపి ప్రొజెక్టర్ వేసినప్పుడు వాడు ఎలా ఉంటున్నాడో టీచర్ని కూడా రాసివ్వమంటాను.