ఆరోగ్యశ్రీ పరిమితి పెంచితే చాలా? పీహెచ్‌సీలో షుగర్ మాత్రల మాటేమిటి?

పలాస అబ్బాయి:
2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కుటుంబానికి ఏడాదికి 2 లక్షల దాకా వైద్యం ఖర్చు భరించేవారు. 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షలు, ఆంధ్రలో 25 లక్షలు చేశారు. నా ప్రశ్న ఒకటే: ఆ శ్రద్ధ పీహెచ్‌సీ మీద ఎందుకు లేదు?

మా అమ్మకు పదకొండేళ్లుగా షుగర్. పీహెచ్‌సీలో ఒక్కోసారి నెలకు సరిపడా మాత్రలిస్తారు, ఒక్కోసారి "పది రోజులకే ఉన్నాయమ్మా, మళ్లీ రా" అంటారు. మళ్లీ వెళ్లాలంటే ఒకరోజు కూలి పోతుంది. అందుకని అమ్మ రోజుకు రెండు వేసుకోవాల్సింది ఒకటే వేసుకుని, మిగతావి పోపుల డబ్బాలో దాచుకునేది. ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అన్నేళ్లలో కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒక్కసారి కూడా రాయలేదు. కాళ్లు వాచి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే కిడ్నీలు పాడయ్యాయన్నారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఆరోగ్యశ్రీ కార్డు మీద ఉచితం. మాత్రలు సరిగ్గా అంది ఉంటే ఇంత దూరం వచ్చేదా?

పాలమూరు రైతు:
చదివితే కడుపు తరుక్కుపోయింది తమ్ముడూ. కానీ కార్డును తక్కువ చేయొద్దు. మా తమ్ముడి కూతురికి గుండెలో రంధ్రం ఉందంటే ఉన్న రెండెకరాలూ బేరం పెట్టేశాం. కార్డు మీద ఆపరేషన్ అయింది, పొలం మిగిలింది. పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పీహెచ్‌సీ ఎంత బాగున్నా ఆ ఆపరేషన్ అక్కడ చేయలేరు కదా.

మందుల గది:
నేను పీహెచ్‌సీలో ఫార్మసిస్టుని. మా దగ్గర గతంలో ఎంత వాడామో చూసి ఇండెంట్ పెడతాం, అంటే ఇన్ని మందులు కావాలని పైకి రాస్తాం. మందు లేక తిరిగి వెళ్లిపోయినవాళ్లను రిజిస్టరులో ఎక్కడా రాయం. దాంతో వాడకం తక్కువని కనిపిస్తుంది, తర్వాతిసారి ఇంకా తక్కువ వస్తుంది. పైవాళ్లు చూసేది ఆ అంకెలే.

పలాస అబ్బాయి:
అన్నా, కార్డు తీసేయమని నేననను, మా అమ్మ దాని మీదే బతుకుతోంది. థాయ్‌లాండ్‌లో 2002లో అందరికీ వైద్యం పథకం పెట్టినప్పుడు, తలకు ఇంత చొప్పున డబ్బు ఎక్కువగా దగ్గరి ప్రభుత్వాసుపత్రులకే చేరేలా చేశారు. మామూలు జబ్బు అక్కడే చూస్తారు, పెద్దదైతే పైకి పంపుతారు. మనకూ రెండూ కావాలి.

ఫార్మసిస్టు గారూ, మందు దొరక్క వెనక్కి వెళ్లినవాళ్ల పేర్లు రాయడానికి ఒక పుస్తకం పెట్టగలరా? మా మండలంలో నేనూ అడుగుతాను. రేపు అమ్మకు డయాలసిస్, ఐదింటికే ఆటో వస్తుంది. మీ జవాబు తిరిగొచ్చాక చూస్తాను.