18-135 జూమ్: పీస్ తేడానా, లెన్సే అంతా?

గోదారిగట్టు
24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) బాడీ మీద 18-135 ఎంఎం ట్రావెల్ జూమ్ లెన్స్. 18 ఎంఎం, ఎఫ్/3.5లో (అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, పూర్తిగా తెరిచి) పై కుడి మూల మెత్తగా ఉంది, పై ఎడమ మూల బాగుంది. ఎఫ్/8కి తగ్గించినా తేడా పూర్తిగా పోవట్లేదు. ఇటుక గోడ మీద చూశాను. రిటర్న్‌కి ఇంకా నాలుగు రోజులుంది. ఇది నా పీస్ లోపమో, ఈ మోడల్ లెన్సులన్నీ ఇంతేనో ఏం చేస్తే కచ్చితంగా తేలుతుంది?

నీలిరేఖ
గోడను నమ్మకండి. 135 ఎంఎంలో 3 మీటర్ల నుంచి తీస్తే, ఎఫ్/5.6లో పిక్సెల్ స్థాయిలో షార్ప్‌గా వచ్చే లోతు రెండు సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. కెమెరా 3 డిగ్రీలు పక్కకి తిరిగిందంటే ఫ్రేమ్ అంచు మెత్తబడిపోతుంది, నింద లెన్స్ మీద పడుతుంది. గోడే కావాలంటే చిన్న అద్దాన్ని గోడకి ఆనించి టేపు వేయండి. లెన్స్ ప్రతిబింబం స్క్రీన్‌లో సరిగ్గా మధ్యకి వచ్చేదాకా కెమెరాను సర్దండి. అప్పుడే కెమెరా, గోడ సమాంతరంగా ఉన్నట్టు.

రా_ఫైల్
గోడ కంటే మేలైన పద్ధతి ఒకటుంది. దూరంగా, కనీసం 200 మీటర్ల అవతల, సెల్ టవర్ లాంటి సన్నటి గీతలున్న వస్తువును ఎంచుకోండి. దాన్ని ఫ్రేమ్ మధ్యలో పెట్టి ఆటోఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కి మార్చేయండి. ఇక రింగ్ ముట్టుకోవద్దు. అదే టవర్ ఒక్కో మూలకి వచ్చేలా కెమెరా తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయండి. తర్వాత మూలలోనే ఫోకస్ పెట్టి మరో నాలుగు. మధ్యలోది కలిపి మొత్తం తొమ్మిది. ఒకే వస్తువును నాలుగు మూలల్లో పోలుస్తాం కాబట్టి గోడ వంకరనే గొడవే ఉండదు.

18, 50, 135 మూడింటికీ ఇలాగే చేయాలి. జూమ్ మారిస్తే ఫోకస్ కదులుతుంది, ప్రతిసారీ కొత్తగా పెట్టాల్సిందే. అపర్చర్ పూర్తిగా తెరిచే తీయండి, తప్పు అక్కడే బాగా కనబడుతుంది. ఎఫ్/11 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో కాంతి చెదరడం) అన్ని మూలల్నీ సమానంగా మెత్తబరిచి అసలు తేడాను దాచేస్తుంది.

ట్రైపాడ్, ఐఎస్ఓ 100, 2 సెకన్ల టైమర్, ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (షట్టర్ కుదుపు తగ్గించే సెట్టింగ్). స్టెబిలైజేషన్ ఆపేయండి. యూవీ ఫిల్టర్ తీసేయండి, చౌకది పెడితే 135లో అదొక్కటే చాలు ఫొటో పాడవడానికి. ఉదయం ఏడులోపు తీయండి. ఎండెక్కితే నేల మీది వేడిగాలికి టవర్ కడ్డీలు అలల్లా వణుకుతాయి.

నలుపుతెలుపు
ఫలితం చదవడంలోనే చాలామంది పొరపడతారు.

నాలుగు మూలలూ ఒకేలా మెత్తగా ఉండి, మూలలో ఫోకస్ పెడితే బాగుపడితే అది ఫీల్డ్ కర్వేచర్, అంటే ఫోకస్ తలం చదునుగా కాక వంపుగా ఉండడం. డిజైన్‌లోనే ఉంటుంది, పీస్ మార్చినా పోదు. ఒక మూలలో ఫోకస్ పెడితే ఎదురు మూల చెడుతూ, ఆ మూలలో పెడితే ఇది చెడుతుంటే టిల్ట్, అంటే ఫోకస్ తలం ఒకవైపుకి వాలడం. ఎక్కడ ఫోకస్ పెట్టినా ఒకే మూల బాగుపడకపోతే, గీతలు ఒకవైపుకి సాగినట్టో రెండేసిగానో కనబడితే డీసెంటరింగ్, అంటే లోపలి గాజు మధ్య నుంచి పక్కకి జరగడం. మార్చాల్సింది దాన్నే.

వైడ్‌లో మూలలు కొంత మెత్తగా ఉండడం ఈ రకం లెన్సులకి మామూలే. ఉదాహరణకి పానాసోనిక్ 12-32 జూమ్ బరువు 70 గ్రాములే. అంత చిన్నదాంట్లో ఫొటోలో గీతలు వంగడాన్ని గాజుతో కాకుండా సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తారు, అప్పుడు మూలల పిక్సెళ్లు సాగుతాయి. రాథెరపీ (రా ఫైళ్లు తెరిచే సాఫ్ట్‌వేర్)లో కరెక్షన్ ఆపి చూడండి, అసలు సంగతి కనబడుతుంది.

గోదారిగట్టు
తీశాను. 18లో పై కుడి మూలలో టవర్ కడ్డీలు రెండేసిగా, బయటికి సాగినట్టు ఉన్నాయి. ఆ మూలలోనే ఫోకస్ పెట్టినా మారలేదు. మిగతా మూడు మూలల్లో ఏ కడ్డీకి ఆ కడ్డీ విడిగా ఉంది. 50లో నాలుగూ సమానం. 135లో కింద ఎడమ కాస్త మెత్తన, ఎఫ్/8లో కలిసిపోతోంది.

రా_ఫైల్
మరో లెన్స్ పెట్టి ఒక్కసారి అవే నాలుగు మూలలు చూడండి. అందులోనూ పై కుడే చెడితే సెన్సర్ వంకర, లెన్స్‌ది తప్పు కాదు.

గోదారిగట్టు
35 ఎంఎం ప్రైమ్‌తో (జూమ్ లేని లెన్స్) చూశాను, నాలుగూ సమానంగా ఉన్నాయి.

నలుపుతెలుపు
అయితే 18లో డీసెంటరింగే. మార్చేయండి. 135లోని తేడాను మాత్రం లెక్కచేయకండి, ఏ జూమ్ అన్ని చోట్లా సమంగా ఉండదు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద 100 శాతం చూడడమంటే ఐదడుగులు దాటిన ప్రింట్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చూడడమే. 12×18 అంగుళాల ప్రింట్‌లో ఆ 135 తేడా కనబడదు, 18లోది మాత్రం కనబడుతుంది.

నీలిరేఖ
షాపుకి "షార్ప్‌గా లేదు" అని రాయకండి, నార్మల్ అని తిప్పి పంపుతారు. 18 ఎంఎం, ఎఫ్/3.5, పై కుడి మూల అని రాసి, ఆ నాలుగు మూలల రా ఫైళ్లు, ప్రైమ్‌తో తీసినవి కలిపి పంపండి. కొత్త పీస్ రాగానే ముందు 18లోనే చూడండి. అక్కడ సమంగా ఉంటేనే మిగతా రెండు ఫోకల్ లెంగ్త్‌లకి వెళ్లండి.