అప్‌డేట్: పేకాట తప్ప వేరే ఆట ముట్టని మా ఇంట్లో స్ప్లెండర్, ది క్రూ

అమ్మకీ బాబాయికీ నచ్చే బోర్డ్ గేమ్ చెప్పమని దసరాకి ముందు ఇక్కడ అడిగాను. ఎక్కువ మంది స్ప్లెండర్ అన్నారు, ఒకరిద్దరు ది క్రూ అన్నారు. రెండూ కొన్నాను.

స్ప్లెండర్ అమ్మకి వెంటనే ఎక్కేసింది. రత్నాలు తీసుకో, కార్డులు కొను, 15 పాయింట్లు తెచ్చుకో, అంతే. బాబాయి మాత్రం రమ్మీ బుద్ధి పోనివ్వలేదు. అమ్మ ఏ కార్డు కోసం రంగులు పోగేస్తోందో కనిపెట్టి, సరిగ్గా దాన్నే రిజర్వ్ చేసి (అంటే తన కోసం పక్కన పెట్టేసుకుని), పైగా ఏ రంగుకైనా పనికొచ్చే బంగారు జోకర్ బిళ్ల కూడా పట్టుకుపోయేవాడు. అమ్మకి ఒళ్లు మండిపోయింది. అన్నట్టు, ఆ రత్నాల బిళ్లల బరువు, చప్పుడు భలే ఉంటాయి.

కానీ అసలు హిట్టు ది క్రూ. తురుపు ఆటే, కాకపోతే అందరూ ఒకే జట్టు. నాలుగు రంగుల్లో 1 నుంచి 9 దాకా ముక్కలు, తురుపుకి నాలుగు రాకెట్లు. ఫలానా ముక్క ఫలానావాళ్లే గెలవాలని ముందే పని పడుతుంది, చేతిలో ఏముందో నోరు విప్పకూడదు. మిషన్‌కి, అంటే ఒక్కో ఆటకి, ఒక్కసారి ఒక ముక్క బయటపెట్టి, ఆ రంగులో నా దగ్గర ఇదే పెద్దది, లేదా చిన్నది, లేదా ఉన్నది ఇదొక్కటే అని టోకెన్‌తో చెప్పొచ్చు. అమ్మ పచ్చ 6 పెట్టి 'ఇదొక్కటే' అంది. బాబాయి అది పట్టించుకోకుండా పచ్చే దింపాడు, అమ్మ ఆ 6 వేయక తప్పలేదు, మిషన్ పోయింది. డబ్బులు పెట్టి ఆడినప్పుడు కూడా ఇంత గొడవ జరగలేదు!

ఇద్దరే ఉంటే స్ప్లెండర్, నలుగురుంటే ది క్రూ తీస్తున్నాం. సంక్రాంతికి అజుల్ అనే ఇంకో బోర్డ్ గేమ్ కొందామనుకుంటున్నా, ఇద్దరితో ఆడినవాళ్లు ఎలా ఉందో చెప్పండి.